వాషింగ్ మెషీన్ అమ్మబోతే ఎదురు డబ్బు పోయింది: తిరిగి రాబట్టుకునే మార్గం ఉందా?

ప్రశ్న (గాజువాక నుంచి):
మా మామగారు పాత వాషింగ్ మెషీన్‌ను 9,000 రూపాయలకు అమ్ముతామని ఒక సైటులో ప్రకటన ఇచ్చిన కాసేపటికే ఒకతను ఫోన్ చేసి, తాను నేవీలో పనిచేస్తున్నానని, బదిలీ మీద విశాఖ వస్తున్నానని చెప్పి, యూనిఫాం ఫొటో ఉన్న గుర్తింపు కార్డును వాట్సాప్‌లో పంపాడు. బేరమే ఆడలేదు. మొదట 5 రూపాయలు వేయమని అడిగి వెంటనే 10 రూపాయలు తిరిగి వేశాడు. ఆ నమ్మకం కుదిరాక క్యూఆర్ కోడ్ పంపి, దాన్ని స్కాన్ చేసి పిన్ కొడితే సొమ్ము జమ అవుతుందన్నాడు. జమ కాకపోగా 9,000 పోయాయి. మళ్ళీ చేస్తే రెండూ కలిపి వస్తాయనడంతో రెండోసారీ పోయాయి. పిన్ మీరే కొట్టారు కనుక మేమేమీ చేయలేమని బ్యాంకువారు అంటున్నారు. ఇది నిన్న సాయంత్రం జరిగింది. ఏం చేయమంటారు?

జవాబు 1 (విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, సీతమ్మధార):
ఇది చదవగానే సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే సహాయవాణి 1930కి ఫోన్ చేయండి, లేదా జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. రెండు లావాదేవీల 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబర్లు, అతని ఫోన్ నంబరు, చాటింగ్ స్క్రీన్‌షాట్లు దగ్గర ఉంచుకోండి. ఫిర్యాదు అందితే, సొమ్ము చేరిన ఖాతాలో ఇంకా మిగిలి ఉన్నంత వరకు బ్యాంకు దాన్ని నిలిపివేయగలదు. అయితే ఈ ముఠాలు ఇతరుల పేరున ఉన్న అద్దె ఖాతాల మీదుగా సొమ్మును త్వరత్వరగా తరలిస్తాయి కనుక పూర్తిగా వస్తుందన్న భరోసా ఇవ్వలేను. బ్యాంకు మాటలో కొంత నిజం ఉంది. ఖాతాదారు అజాగ్రత్త వల్ల జరిగిన నష్టాన్ని ఖాతాదారే భరించాలని రిజర్వ్ బ్యాంకు 2017లో ఇచ్చిన ఉత్తర్వు చెప్పింది. కానీ ఫిర్యాదు చేసిన తరువాత జరిగే నష్టం బ్యాంకుదేనని కూడా అందులోనే ఉంది, అందుచేత నోటిమాటతో సరిపెట్టుకోకుండా లిఖితపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి.

జవాబు 2 (మల్కాపురం నుంచి):
తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊరు కావడంతో ఇక్కడ నేవీ బదిలీ అంటే ఎవరికీ అనుమానం రాదు. ఇతర ఊళ్ళలో ఇదే కథను ఆర్మీ పేరుతోనో, సీఐఎస్ఎఫ్ (కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం) పేరుతోనో చెబుతారు. మా వీధిలో పాత సామాను కొన్న నేవీ కుటుంబాలవారు స్వయంగా వచ్చి, మూత తీసి, నీళ్ళు పోసి తిప్పి చూసి, మరో 500 తగ్గించమని పట్టుబట్టినవారే. వస్తువును చూడకుండానే అడిగినంతా ఇస్తాననేవాడు ఏ యూనిఫాంలో ఉన్నా అనుమానించవలసిందే. డబ్బు తీసుకోవడానికి స్కానింగు గానీ పిన్ గానీ అక్కరలేదు.

జవాబు 3 (మధురవాడ నుంచి):
ఒక్క సంగతి చేరుస్తాను. "పోయిన డబ్బు రప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి" అంటూ పోలీసుల పేరుతోనో, వకీళ్ళ పేరుతోనో ఫోన్లు రావచ్చు. ఒకసారి మోసపోయినవారి నంబర్లు ఇలాంటివారి చేతికి చేరుతుంటాయి. కనుక కొద్దిరోజులపాటు తెలియని నంబర్ల నుంచి వచ్చే ఫోన్లను మామగారి బదులు మీరే మాట్లాడడం మంచిది.