అప్‌డేట్: మోటార్‌హోమ్‌లో బ్యాటరీ మీద లైట్లు మసకబారే సమస్య తీరింది

మా మోటార్‌హోమ్‌ను (ఇల్లులా ఉండటానికి వీలున్న బండి) బయటి కరెంటుకు ప్లగ్ పెడితే అన్నీ బాగానే పనిచేసి, బ్యాటరీ మీదకు మారగానే లైట్లు మసకబారడం, నీళ్ల పంపు ఆగిపోవడం గురించి ఇక్కడే అడిగాను. సలహాలిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.

లోపం బ్యాటరీ నెగటివ్ వైరును ఛాసీకి (బండి ఇనుప చట్రానికి) బిగించే బోల్టు దగ్గర దొరికింది. దాని కింద తుప్పు పట్టింది. ఎర్త్ కనెక్షన్ (నెగటివ్ వైరు ఛాసీకి కలిసే ఈ చోటు) చూడమన్నవాళ్ల మాటే నిజమైంది.

ఎలక్ట్రీషియన్ పంపు ఆన్ చేసి కొలిచారు. బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర 12.5 వోల్టులు, ఫ్యూజ్ ప్యానెల్ దగ్గర 10.4 మాత్రమే! మల్టీమీటర్ ఒక కొనను బ్యాటరీ నెగటివ్‌కు, రెండోదాన్ని ప్యానెల్ నెగటివ్‌కు పెడితే దాదాపు 2 వోల్టులు చూపించింది. అక్కడ సున్నాకు దగ్గరగా ఉండాలి, అంటే ఆ నెగటివ్ దారిలోనే వోల్టులు పోతున్నాయన్నమాట. లోడ్ లేనప్పుడు (పంపు, లైట్లు ఏవీ నడవనప్పుడు) కొలిస్తే ఈ తేడా కనిపించదు, అది ముఖ్యం. ప్లగ్ పెట్టినప్పుడు కన్వర్టర్ (బయటి కరెంటును 12 వోల్టులకు మార్చేది) నేరుగా ప్యానెల్‌కు కరెంటు ఇస్తుంది కాబట్టి లోపం బయటపడలేదు.

బ్యాటరీ కనెక్షన్ తీసేసి, తుప్పు గీకి, కొత్త లగ్ (వైరు కొనకు వేసే లోహపు రింగు) వేసి బిగించారు. బ్యాటరీ, కన్వర్టర్, ఫ్యూజులు అన్నీ బాగానే ఉన్నాయి, ఏదీ మార్చలేదు. ఇప్పుడు పంపు, లైట్లు కలిపి వేసినా వెలుగు తగ్గడం లేదు. పెద్ద టెన్షన్ తీరింది.