స్ట్రింగ్‌లో పంక్చుయేషన్ చెక్: 32 గుర్తుల పట్టీ చాలదా?

తణుకు_పైథాన్:
ఒక రైస్ మిల్లుకి ధాన్యం బిల్లులు వేసే చిన్న ప్రోగ్రామ్ రాస్తున్నాం, నేనూ మా సీనియరూ. రైతు పేరు, ఊరు, సర్వే నంబరు, వరి రకం, తూకం అన్నీ గుమాస్తా ఫోన్లో కొట్టి పంపుతాడు. చుక్కలు, కామాలు, కొటేషన్లు ఎక్కడపడితే అక్కడ వస్తున్నాయి. వాటిని పట్టుకుని తీసేయాలి. నేను పైథాన్‌లో స్ట్రింగ్ (అక్షరాల వరస) మాడ్యూల్ ఇచ్చే 32 గుర్తుల పంక్చుయేషన్ పట్టీ పెట్టి, ఒక్కో క్యారెక్టర్ అందులో ఉందా అని చూశాను. సీనియర్ ఒప్పుకోవట్లేదు. అక్షరం, అంకె, స్పేస్ కానిదంతా పంక్చుయేషనే, అక్షరమో అంకెో కాదో చెప్పే ఈజ్‌ఆల్‌నమ్‌తో ఒక్క లైన్‌లో తేలిపోతుంది కదా అంటున్నారు. మీరు ఎటు?

భీమవరం_సీ_బ్యాచ్:
పట్టీయే. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల పాత పట్టిక ఆస్కీలో అచ్చయ్యే గుర్తులు 95. అక్షరాలు 52, అంకెలు 10, స్పేస్ ఒకటి తీసేస్తే మిగిలేవి 32. మామూలు సెట్టింగ్‌లో సీ భాషలో పంక్చుయేషనా అని చూసే ఈజ్‌పంక్ట్ అవుననేదీ వీటికే. రేపు ఎవరైనా ఇదెందుకు తీసేశావని అడిగితే వేలుపెట్టి చూపించొచ్చు. ఒక్కటే జాగ్రత్త తమ్ముడూ, ఆ పట్టీ ఒక స్ట్రింగ్. ఖాళీ స్ట్రింగ్ ఇచ్చి ఇందులో ఉందా అంటే ఉందనే చెబుతుంది. ముందు సెట్‌గా (విడివిడి గుర్తుల గుంపుగా) మార్చుకో.

రాజోలు_రీజెక్స్:
సీనియర్ గారి లైన్ తెలుగు మీద నడిపి చూశారా అసలు? నేను ఇప్పుడే నడిపాను. రాజోలు ఇస్తే ‘రజల’ వచ్చింది. అమలాపురం ‘అమలపర’ అయింది. అంతర్వేది ‘అతరవద’. గుణింతాలు, పొల్లు, సున్నా యూనికోడ్‌లో (అన్ని లిపుల గుర్తులకూ నంబర్లిచ్చే పద్ధతి) విడి క్యారెక్టర్లు, వాటి తరగతి అక్షరం కాదు, మార్క్. ఈజ్‌ఆల్‌నమ్ వాటికి కాదనే చెబుతుంది. అంటే ఆ లెక్కన కొమ్ము కూడా కామాతో సమానమే! పైథాన్‌లో నమూనాతో వెతికే రీ మాడ్యూల్లో, పదంలో వచ్చే క్యారెక్టర్ అని చెప్పే బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ వాడినా ఇదే గతి, అది లోపల ఈజ్‌ఆల్‌నమ్ లెక్కే చూస్తుంది. పైగా అండర్‌స్కోర్‌ని పంక్చుయేషన్‌గా పట్టుకోదు. జావాస్క్రిప్ట్‌లో అయితే బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ అంటే ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోరే. అక్కడ ఊరి పేరు మొత్తం ఎగిరిపోతుంది.

తణుకు_పైథాన్:
అమ్మో. ఇది సీనియర్‌కి చూపిస్తాను. అయితే నా పట్టీయే గెలిచినట్టా?

అమలాపురం_మాస్టారు:
తొందరపడకు నాయనా. నీ పట్టీ తెలుగుని చెడగొట్టదు, నిజమే. కానీ ఫోన్ పెట్టే వంపు కొటేషన్లు “ ” అందులో లేవు. మూడు చుక్కలూ ఒకే గుర్తుగా వచ్చే … లేదు. పొడుగు గీత – లేదు. పద్యాల్లో వచ్చే దండం । కూడా లేదు. ఆ దండం ఉన్నది తెలుగు బ్లాకులో కాదు, దేవనాగరి బ్లాకులో, భారతీయ లిపులన్నిటికీ ఉమ్మడిగా. అందుకని తెలుగు బ్లాకు హద్దులు చూసి రాసుకున్న చెక్‌కి కూడా అది దొరకదు. పైథాన్ యూనికోడ్‌డేటా మాడ్యూల్లో క్యారెక్టర్ కేటగిరీ (తరగతి) అడిగి, సమాధానం పీ అక్షరంతో మొదలైతే పంక్చుయేషన్ అనుకోవాలి. కొటేషన్‌లా కనిపించే ఽ దగ్గర మనం తడబడతాంగానీ అది తడబడదు. అవగ్రహాన్ని అక్షరంగానే లెక్కేస్తుంది.

భీమవరం_సీ_బ్యాచ్:
మాస్టారూ, మరి $ గుర్తు? మీ కేటగిరీ లెక్కలో అది పంక్చుయేషన్ కాదు, కరెన్సీ సింబల్. +, = గణితం. ఆ 32లో తొమ్మిదింటి తరగతి ఎస్‌తో మొదలవుతుంది, పీతో కాదు. రేపు ఈ కుర్రాడు అదే ఫంక్షన్ని పాస్‌వర్డ్‌లో స్పెషల్ క్యారెక్టర్ ఉందా అని చూడ్డానికి వాడితే, $ పెట్టిన మనిషిని లోపలికి రానివ్వడు. ఇంకోటి, 2019లో యూనికోడ్ 12లో తెలుగు సిద్ధం గుర్తు పంక్చుయేషన్‌గా చేరింది. పాత పైథాన్‌కి ఆ సంగతే తెలీదు. ఒకే ప్రోగ్రామ్ రెండు మిషన్లలో రెండు జవాబులు చెప్పొచ్చు. నా 32 ఎక్కడికీ కదలవు.

అమలాపురం_మాస్టారు:
పాస్‌వర్డ్‌కి నీ పట్టీయే సరి, కాదనను. బిల్లులో రైతు పేరుకి అది చాలదు. సీ భాషలో ఈజ్‌పంక్ట్ ఒక్కో బైట్‌నే చూస్తుంది, యూనికోడ్‌ని బైట్లుగా దాచే యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం మూడు బైట్లు. దానికి తెలుగు కనపడను కూడా కనపడదు. కదలనంత మాత్రాన గొప్పేముంది?

పెనుమంట్ర_అకౌంట్స్:
ప్రోగ్రామింగ్ నాకు అంతంతమాత్రం, బిల్లులు మాత్రం రోజూ చూస్తాను. ఏ పద్ధతైనా సరే, దొరికినవన్నీ ‘తీసేస్తాం’ అంటున్నారే, టెన్షన్ అంతా అక్కడే ఉందండి. సర్వే నంబరు 125/2లో ఏటవాలు గీత తీసేస్తే 1252 అవుతుంది, అది వేరే వాళ్ల చేను. తూకం 12.50 క్వింటాళ్లలో చుక్క పోతే 1250, మిల్లు ఓనరు గుండె పట్టుకుంటాడు. ఐ.పోలవరం, పి.గన్నవరంలో చుక్క ఊరి పేరులోదే. కోనసీమ జిల్లా పేరు పూర్తిగా రాస్తే డా. బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ, ఎన్ని చుక్కలో మీరే చూడండి. వరి రకం దగ్గర మాత్రం తీయక తప్పదు. మారుటేరు వరి పరిశోధన స్టేషన్ రకాన్ని ఒకరు ఎంటీయూ-1010 అని, ఒకరు ఎంటీయూ 1010 అని, ఇంకొకరు కలిపి కొడతారు. మూడూ ఒకటే ధాన్యం, రిపోర్టులో మాత్రం మూడు వరసలు. ఎంటీయూ 7029ని కొందరు బ్రాకెట్లో స్వర్ణ అని కూడా రాస్తారు, అది చుక్కా గీతా తీస్తే పోయేది కాదు, దానికి పేర్ల జాబితా పక్కన పెట్టుకోవాల్సిందే.

రాజోలు_రీజెక్స్:
ఇదీ అసలు మాట. పోల్చడానికి ఒక శుభ్రమైన కాపీ, బిల్లు మీద వేయడానికి గుమాస్తా కొట్టినది కొట్టినట్టు. తీసేసిన కాపీని డేటాబేస్‌లో అసలు దాని మీద రాయొద్దు. ఇంకో ఇబ్బంది ఉంది. ప్రసాద్ అని కొట్టినప్పుడు కొన్ని కీబోర్డులు చివర పొల్లు తర్వాత కంటికి కనపడని జడ్‌డబ్ల్యూఎన్‌జే (పక్కక్షరంతో కలవకుండా ఆపే గుర్తు) పెడతాయి. అది పంక్చుయేషన్ కాదు, అక్షరం కాదు, స్పేస్ కూడా కాదు. మీ పట్టీకీ దొరకదు, మాస్టారి పీకీ దొరకదు. స్క్రీన్ మీద పేరు ఒకటే, ఖాతాలు రెండు. అలాగని అన్నిచోట్లా పీకేస్తే సాఫ్ట్‌వేర్ కాస్తా సాఫ్ట్వేర్ అయి కూర్చుంటుంది. పోల్చే కాపీలో మాత్రమే తీయాలి.

తణుకు_పైథాన్:
సీనియర్ చదివారు. రాజోలు కాస్తా ‘రజల’ అయ్యేసరికి ఆయన లైన్ ఆయనే కొట్టేశారు. ఇప్పటికి ఇలా అనుకున్నాం. పేరుకీ ఊరికీ పోల్చే కాపీలో మాస్టారి కేటగిరీ చెక్, దాంతోపాటు జడ్‌డబ్ల్యూఎన్‌జే కూడా తీస్తాం. సర్వే నంబరు, తూకం ముట్టుకోం. అక్కడ అంకెలు, ఒక గీత, ఒక చుక్క తప్ప ఇంకేమైనా వస్తే తీసేయకుండా ఎర్రగా చూపించి గుమాస్తానే సరిచేయమంటాం. పాస్‌వర్డ్‌కి 32.

భీమవరం_సీ_బ్యాచ్:
సర్వే నంబర్లో ఒక్క గీతే అని గట్టిగా పెట్టకు. 125/2/1 కూడా వస్తుంది. సబ్ డివిజన్లో అక్షరం పెట్టి 125/2ఏ అనీ రాస్తారు.

పెనుమంట్ర_అకౌంట్స్:
అవునండి, మా చేనిది అలాగే ఉంటుంది. ఆ ‘ఏ’ని కూడా ఎర్రగా చూపిస్తే సీజన్లో గుమాస్తా ఫోన్ కాలవలో పడేస్తాడు.