సమస్య: చేపఁ బట్టి విడువఁ జేప యేడ్చె

నిర్వాహకుడు
ఈ వారం సమస్య (నేనిచ్చే చివరి పాదానికి మీరు మిగతా పద్యం అల్లే ఆట) కాస్త ఆలస్యం. రాత్రి మా అబ్బాయి యానిమల్ ప్లానెట్ వాళ్ళ పాత రివర్ మాన్‌స్టర్స్ భాగం ఒకటి పెట్టాడు. జెరెమీ వేడ్ అనే ఆ నెరిసిన జుట్టు ఇంగ్లీషాయన నడుంలోతు నీళ్ళలో నిలబడి, మనిషంత చేపను రెండు చేతుల మీద పడుకోబెట్టుకుని, కెమెరాకి చూపించి, మెల్లగా వదిలేశాడు. మా అమ్మ పక్కనుంచి "వదిలేశాడేంట్రా, అంత చేపని!" అని నిజంగానే బాధపడింది. ఆ మాట విన్నాక పాదం దానంతటదే వచ్చింది.

చేపఁ బట్టి విడువఁ జేప యేడ్చె

విడిచినందుకు చేప ఎందుకేడవాలో మీరే తేల్చండి. ఆ కార్యక్రమం గురించే రాయాలని లేదు గానీ, అది చూసినవాళ్ళు మీ అభిప్రాయం కూడా పద్యంలో పడేస్తే సరదాగా ఉంటుంది.

యతిమూర్తి
మొదటి పూరణ నాదే, అలవాటు ప్రకారం.

తెల్లదొరకు దొరికి తెరమీద నటియించి
పైక మడుగఁబోవఁ బలుకఁ డతఁడు
ఉచిత నటన యింక నొప్పుకోనని పల్కి
చేపఁ బట్టి విడువఁ జేప యేడ్చె

కార్యక్రమం మాట అడిగారు కాబట్టి, నాకు నచ్చలేదు. 2009 నుంచి 2017 దాకా తొమ్మిది సీజన్లూ ఒకటే వరస. ఎవరో నీళ్ళలో మాయమయ్యారంటారు, భయపెట్టే సంగీతం, చీకట్లో తెప్ప, చివరికి ఒక చేప. ఆయన ఒకప్పుడు జీవశాస్త్రం పంతులట, పాఠం అయిదు నిమిషాల్లో అయ్యేదాన్ని గంట చేస్తే ఎలా?

గోదారిగట్టు
ఊహ బాగుంది మూర్తిగారూ, పారితోషికం అడిగిన చేప నాకు నచ్చింది. కానీ "పల్కి" అన్నది ఎవరు? చేప. "పట్టి విడువ" ఎవరు? దొర. పల్కి తర్వాత వెంటనే పట్టి అని వస్తే దొరే "ఉచితంగా నటించను" అని అలిగి చేపను పట్టినట్టుంది. మూడో పాదం "నొప్పుకోనని, వాఁడు" అని ముగించండి, గణం చెడదు, అన్వయం కుదురుతుంది. ఇతరుల పద్యాలకి భూతద్దం పెట్టే మీరే ఇలా జారితే ఎలాగండీ.

యతిమూర్తి
"వాఁడు" స్వీకరించాను, ధన్యవాదాలు. భూతద్దం సంగతి మాత్రం మీరు ఎత్తకుండా ఉండాల్సింది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

కొత్తబలపం
అందరికీ నమస్కారం. ఇది నా మూడో ప్రయత్నం, తప్పులుంటే చెప్పండి. మన దేశంలో తీసిన భాగం గురించి రాశాను, నేపాల్ సరిహద్దులో కాళీ నదిలో గూంచ్ అనే పెద్ద జెల్ల జాతి చేప మనుషుల్ని లాగేస్తోందని వెతుకుతూ వెళ్తాడు కదా, అది.

కాళి నదిని వేడు గాలంబు వేయఁగా
డెబ్బది కిలోల చేప దొరికె
నరులఁ దింటి వన్న నగుబాటుతో నింక
చేపఁ బట్టి విడువఁ జేప యేడ్చె

యతిమూర్తి
రెండో పాదం పూర్తిగా మునిగింది నాయనా. "డెబ్బది" అనగానే భగణం (గురువు, రెండు లఘువులు) పడింది, ఆటవెలది సరిపాదంలో అన్నీ సూర్యగణాలే (గలం, నగణం), దానికి చోటు లేదు. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో ఉండాల్సిన మైత్రి, అదీ కనపడటం లేదు. అసలు కిలోని సూర్యగణంలో కూర్చోబెట్టడం తల్లో ప్రాణం తోకకి వచ్చే పని, లఘువు మీద గురువు కదా, "కి" వెనక గణానికి తోకగా పోతే తప్ప కుదరదు.

శారదక్క
కిలోలు వదిలేసి మణుగుల్లో తూచు తమ్ముడూ! మణుగంటే ఎనిమిది వీశెలు, అంటే పదకొండు కిలోల పైచిలుకు. నీ డెబ్బై కిలోలు ఆరు మణుగులు దాటుతాయి.

ఆరు మణుగు లున్న యద్ది దొరికె

యతి కూడా వచ్చేసింది. మా తాతయ్య బెల్లం మణుగుల్లోనే అమ్మేవాడు, అది ఇన్నాళ్ళకి ఇలా పనికొచ్చింది.

మూడో పాదం మాత్రం నీదే ఉంచు, చాలా బాగుంది. పట్టుబడినందుకు కాదు, విడిచిపెట్టినందుకూ కాదు, నరభక్షకి అని పేరు పెట్టి వదిలేసినందుకు ఏడ్చిందన్నమాట. ఆ భాగం చూసి నాకూ అలాగే అనిపించింది. కాష్ఠం నుంచి నీళ్ళలో పడ్డ సగం కాలిన శవాలకు అలవాటు పడి పెరిగిందేమోనని ఒక ఊహ చెప్తారు, అది ఊహే. కార్యక్రమం పేరులోనే రాక్షసులని పెట్టాక ఏ చేప మంచిదవుతుంది?

కొత్తబలపం
అక్కా మీ కాళ్ళకి దండం. "కాళి" అని హ్రస్వం చేశాను, అది తప్పా? ఎవరూ ఏమీ అనలేదు గానీ నిన్నటి నుంచి టెన్షన్‌గా ఉంది.

శారదక్క
తప్పు కాదు. గౌరీ గౌరి అయినట్టే కాళీ కాళి. పడుకో.

డాలస్ బాబాయ్
ఆ కార్యక్రమాన్ని అంత తీసెయ్యకండి మూర్తిగారూ. మేం ఇక్కడ ఎలిగేటర్ గార్ భాగం చూసే ట్రినిటీ నది ఒడ్డుకి వెళ్ళడం మొదలెట్టాం. అంతకుముందు వారాంతం అంటే మాల్, మళ్ళీ మాల్. మొసలి మూతి చేప అది, చూడ్డానికే భయం, కానీ ఆయన ఆ భాగంలో దాన్ని రాక్షసిగా మొదలెట్టి చివరికి పాపం అనిపించేలా చేశాడు. ఇక్కడ టెక్సస్‌లో రోజుకి ఒక్కటే ఉంచుకోనిస్తారు, 2009 నుంచి అదే రూలు. దానికీ లైసెన్సు ఉండాలి. మా బావమరిది లైసెన్సు లేకుండా గాలం వేసి జరిమానా కట్టాడు, ఏడ్చింది చేప కాదు.

పద్యం రాదు, చదివి వెళ్తాను.

గోదారిగట్టు
బాబాయ్, ఆ చివరి వాక్యం పద్యం కంటే బాగుంది.

నా పూరణ. టెక్సస్, కాళీ నది మనకెందుకు, మన నీళ్ళలోనే పెట్టాను.

పుస్తె లమ్మి యైనఁ బులసఁ దినుదురంచు
పేరుఁ గన్న నన్నుఁ బెదవిఁ జేర్ప
కేల తిరిగి నీటఁ గెడపితి వనుచును
చేపఁ బట్టి విడువఁ జేప యేడ్చె

పులస ఆత్మాభిమానం అర్థం చేసుకోండి. పుస్తెలమ్మి కొనే చేపను ఫొటో దిగి వదిలేస్తే దానికి అవమానం కాదా?

యతిమూర్తి
ఇప్పుడు భూతద్దం తీస్తున్నాను. "అనుచును"లో చివరి "ను" పాదం నింపడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. అది వదిలేస్తాను, దొడ్డమనసు నాది. కానీ మీరు గోదారిగట్టు అని పేరు పెట్టుకుని ఇంత మాట ఎలా రాశారు? పులస వలలోంచి పైకొచ్చాక ఎంతసేపు బతుకుతుంది? మీ పద్యంలో అది దొరికి, విడుదలై, పుస్తెల లెక్క చెప్పి, తీరిగ్గా ఏడ్చింది. పైగా పులసను వలేసి పడతారు గానీ గాలానికి ఎవరు పడతారండీ?

గోదారిగట్టు
పద్యంలో గాలం అని ఎక్కడన్నాను? "పట్టి" అన్నాను, వలేసి పట్టాడనుకోండి. బతకదన్న మాట నిజమే, ఒప్పుకుంటున్నా. సముద్రంలో ఇలస, వరద నీటికి ఎదురీది వస్తే పులస, నీళ్ళు దాటిందా ప్రాణం దాటినట్టే. మా వైపు సంతలో బతికున్న పులస అంటే నవ్వుతారు. అయితే మీ చేప దొర దగ్గర పారితోషికం అడగ్గా లేనిది నా చేప రెండు మాటలు మాట్లాడకూడదా?

యతిమూర్తి
మాట్లాడవచ్చు, చచ్చాక కాకుండా ముందు మాట్లాడాలి. సరే, ఆ పాత బాకీ. "రొయ్య మీసములకు రోసమేది" అన్న సమస్యకి నేను రాసిన మూడో పాదం గుర్తుందా?

క్షణము నిలువలేక చలికి వణకు నీకు

క్షకి చకి యతి ఏమిటని మీరు నలుగురిలో నవ్వారు. క్ష అంటే కకారం, షకారం. సంయుక్తాక్షరంలో ఏ హల్లుకైనా యతి వెయ్యొచ్చు, షకి చకి మైత్రి ఉంది. ఆ రోజు పండగ హడావుడిలో ఊరుకున్నాను.

గోదారిగట్టు
యతి చెల్లుతుందని ఆ తర్వాత రెండు రోజులకే చూసి తెలుసుకున్నాను, చెప్పడం మర్చిపోయాను. కానీ నీళ్ళలో పుట్టి నీళ్ళలో పెరిగిన రొయ్యకి చలేమిటండీ? అదీ నా అసలు అభ్యంతరం, ఇప్పటికీ.

నిర్వాహకుడు
ఇద్దరూ చేప దగ్గరికి రండి, రొయ్య అప్పుడే అయిపోయింది.

శారదక్క
మూర్తిగారికి గోదారిగట్టు ఇచ్చిన "వాఁడు" నేను అప్పు తీసుకుంటున్నాను.

గంటసేపు చూపి గాలమ్ము నీళ్ళను
నడుమ నడుమ సబ్బు నాల్గుమార్లు
నిడివి నాకు రెండు నిమిషాలె యని, వాఁడు
చేపఁ బట్టి విడువఁ జేప యేడ్చె

ఇది నా నిజమైన ఫిర్యాదు. హిందీ గొంతు పెట్టిన భాగాలు చూసేవాళ్ళం, మా వారికి హిందీ రాదు, నాకు చేపలంటే పడదు, అయినా కదలకుండా కూర్చునేవాళ్ళం. అదిగో వచ్చింది అనగానే సబ్బు. మళ్ళీ గాలం ఊగుతుంది, బెండు మునుగుతుంది, మళ్ళీ సబ్బు. చేప కనపడేసరికి పప్పు మాడేది. నాకు నచ్చేది మాత్రం ప్రయాణం. కాంగోలో పడవ మీద పోయేటప్పుడు ఒడ్డున ఇళ్ళు, పిల్లలు, వల బాగుచేసుకునే ముసలాయన దగ్గర కూర్చుని వేడ్ మాట్లాడకుండా వినడం. చేప దొరకని రోజులు కూడా చూపిస్తాడు, ఉత్త చేతుల్తో గుడారానికి వెళ్ళిపోతాడు, అది నాకు నిజమనిపించేది.

యతిమూర్తి
"సబ్బు" పడిన తీరు భలే ఉందమ్మా! ప్రకటన అనే మాట లేకుండానే ప్రకటన వచ్చింది. నా పద్యం కంటే ఇదే నయం, ఒప్పేసుకుంటున్నా, గోదారిగట్టు పద్యం కంటే అని వేరే చెప్పక్కర్లేదు.

తంగేడు
ఆలస్యంగా వచ్చాను, పద్యాలన్నీ చదివాను. అందరూ విడవడం అంటే వదిలిపెట్టడం అనే అనుకున్నారు.

పెద్దచేపఁ బట్టఁ బిల్లనే యెరఁ జేసి
మూపుకడను ముల్లు మొనను గుచ్చి
తల్లి చూచుచుండ దారాన నొక చిన్ని
చేపఁ బట్టి విడువఁ జేప యేడ్చె

మా ఊరి చెరువులో కొర్రమీనుకి ఇలాగే వేస్తారు. మా పెదనాన్న చిన్న చేపను ఎడమ అరచేతిలో తడిగుడ్డ మీద పెట్టి, వీపు మీద రెక్క కిందగా తోలుకే ముల్లు ఎక్కించేవాడు. వెన్నుకి తగిలితే వెంటనే చచ్చిపోతుంది, తోలుకైతే చాలాసేపు ఈదుతుంది. అది ఎంత ఈదితే పెద్దది అంత త్వరగా వస్తుంది. నీళ్ళలో దించేటప్పుడు "పో నాయనా" అనేవాడు, ప్రతిసారీ. వేడ్ పెద్ద చేపను ముద్దుగా వదులుతుంటే మా ఇంట్లో అందరూ చప్పట్లు కొట్టారు, నాకేమో ముందు ముల్లుకి గుచ్చిన చిన్నది ఎటు పోయిందా అని.

గోదారిగట్టు
విడువ అంటే నీళ్ళలోకి దించడం! "చిన్ని" దగ్గర పాదం విరిచి చేపని కిందికి తేవడంతో సమస్యలో మొదటి చేప ఒకటి, రెండో చేప ఇంకొకటి అయిపోయాయి. మేమంతా ఒకే చేపను పట్టుకుని కూర్చున్నాం.

శారదక్క
మధ్యాహ్నం నుంచి ఇది నాలుగోసారి చదవడం. "తల్లి చూచుచుండ" దగ్గర ఆగిపోతున్నా.

యతిమూర్తి
దత్తపదిలోనూ (ఇచ్చిన మాటలు పెట్టి పద్యం చెప్పే ఆట) ఇంతే, ఈ పిల్ల చివర్లో వచ్చి అందర్నీ ముంచి పోతుంది. తప్పు వెతికాను. మూపు అంటే మనిషికి, ఎద్దుకి వాడతాం, చేపకి మూపుందా అని అడగబోయి, పెదనాన్నగారి సంగతి చదివి నోరు మూసుకున్నాను.

తంగేడు
వీపు అంటే నాలుగో గణం దగ్గర మోకరిల్లాల్సి వచ్చింది బాబాయిగారూ, ముకారం యతికి కావాలి. మీరు ఊరుకున్నారు, అదే పదివేలు.

డాలస్ బాబాయ్
ఈ పద్యం మా ఆవిడకి వినిపించాను. వచ్చే శనివారం ట్రినిటీ ట్రిప్ క్యాన్సిల్ అంది. వెళ్తే పిండి ఎరతో వెళ్ళాలట.

నిర్వాహకుడు
మా అమ్మకీ చదివి వినిపించాను. "ఆ పిల్లచేపనైనా పులుసు పెట్టుంటే గుచ్చే పనుండేది కాదు" అంది. ఆవిడ దారి ఆవిడది.

వచ్చే వారానికి:

ఉప్పుచేపలోనఁ గప్పురంబు

కొత్తబలపం
అయ్యా, ఈసారి నేనే ముందు పట్టాను! ఉకి గకి యతి ఎక్కడుందండీ?

యతిమూర్తి
ప్రాసయతి నాయనా, మొదటి అక్షరాలకి బదులు వాటి పక్కనున్న రెండో అక్షరాలు కలుస్తాయి. రెండో అక్షరం చూడు.