పడకగది గోడకు నల్ల బూజు: చెమ్మ పునాది నుంచా, మురుగు గొట్టం నుంచా?

మాది కర్నూలు పాతబస్తీలో కింది అంతస్తు ఇల్లు. పడకగది గోడకు నేల నుంచి రెండడుగుల ఎత్తు వరకు నల్ల బూజు పడుతోంది. ఆ గోడ అవతల స్నానాలగది. 2009 అక్టోబరు వరదలో ఇంట్లోకి నీళ్లు వచ్చాయి గానీ, ఈ మచ్చ పోయిన వానాకాలం తర్వాతే మొదలైంది.

బ్లీచింగ్ నీళ్లతో తుడిచి, చెమ్మను ఆపుతుందన్న రంగు వేయించాం. నెల తిరగకుండానే రంగు పొక్కులు లేచింది. గోకితే కింద ఉప్పులాంటి తెల్లటి పొడి రాలుతోంది.

రాత్రి కుళాయిలన్నీ కట్టేసి ట్యాంకులో నీటి మట్టం దగ్గర గీత పెట్టాం. తెల్లారేసరికి ఏమాత్రం తగ్గలేదు కాబట్టి మంచినీటి గొట్టాలపై అనుమానం లేదు. గోడకు ప్లాస్టిక్ షీటు పెట్టి అంచులు టేపుతో మూస్తే, మరుసటి రోజుకు గోడవైపే నీటి బిందువులు పట్టాయి. అంటే ఇది గదిలోని గాలి తేమ కాదు. ఎండలు ముదిరినా తడి ఆరకపోవడమే నన్ను భయపెడుతోంది. ఆ గదిలో పడుకుంటే అమ్మకు తెల్లవారుజామున దగ్గు ఆగడం లేదు.

ప్లంబరు టైల్స్ మొత్తం తీయాలంటున్నాడు, మేస్త్రీ నేలచెమ్మ అంటున్నాడు. టైల్స్ పగలగొట్టకుండా, స్నానాలగది మురుగు గొట్టం కారుతోందా లేక పునాది నుంచి చెమ్మ ఎక్కుతోందా అని తేల్చే పరీక్ష ఏమిటి?