కొండవీడు కోట గోడలో ఏ భాగం ఎవరు కట్టారో ఎలా తెలుసుకోవాలి?

మొన్న ఆదివారం మా అబ్బాయితో కొండవీడు వెళ్ళా. రెడ్డిరాజుల కోట అని చెప్పి ఊరుకుందామనుకుంటే వాడు వదలడే! రెడ్ల తర్వాత విజయనగరం, ఒడిశా గజపతి రాజులు, 1515లో కృష్ణదేవరాయలు ఇక్కడే వాళ్ళ రాకుమారుడు వీరభద్ర గజపతిని పట్టుకోవడం, ఆపైన గోల్కొండ వాళ్ళొచ్చి ముర్తజానగర్ అని పేరే మార్చేయడం... అంతవరకూ లాక్కొచ్చా.

ఒకచోట గోడ అడుగున సున్నం లేకుండా పేర్చిన పెద్ద బండలు, పైన సున్నంతో అతికిన చిన్న రాళ్ళు. "నాన్నా, దీన్ని రెండుసార్లు కట్టారా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

పై వరుసలు గోల్కొండ కాలపు మరమ్మతు అనుకోవచ్చా? కట్టుబడి చూసి కాలం చెప్పగలిగినవాళ్ళు, అక్కడి శాసనాలు చదివినవాళ్ళు ఉంటే కాస్త చెప్పండి. కావాలంటే ఫోటోలు పెడతాను.