ప్రసన్నకథా‘కలి’తార్థమా, ‘కవి’తార్థమా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి): పేపర్లో రోజూ వచ్చే బొమ్మల కథల సాగదీత మీద రాస్తుంటే నన్నయ పద్యం గుర్తొచ్చి సగంలో ఆగిపోయింది. ‘సారమతిం గవీంద్రులు ప్రసన్నకథా...’ తర్వాత కలితార్థయుక్తా, కవితార్థయుక్తా? ఆపైన ‘లోనారసి మేలునా, నితరు లక్షరరమ్యత నాదరింప’ అని గుర్తుంది. తప్పు ఎత్తిరాయకూడదని అడుగుతున్నాను.

నాగావళి (రాయగడ): కలిత. ప్రసన్నమైన కథలతో కూడిన అర్థయుక్తి. విశ్వనాథ సత్యనారాయణ తన విమర్శగ్రంథం పేరులోనే ఆ పాఠం పెట్టుకున్నారు కదా.

వంశధార (గుణుపురం): పుస్తకం పేరుతో పాఠం తేలదు మేష్టారూ. ‘కవిత’ పాఠాన్ని సమర్థించినవాళ్లూ ఉన్నారు. ఛందస్సు కూడా సాయం రాదు. ఉత్పలమాలలో యతి పదో అక్షరం, సా–స కుదిరింది. ప్రాస రేఫ. మన తగాదా పదిహేనో అక్షరం మీద. ‘థాకలి’ అన్నా ‘థాకవి’ అన్నా ఒక గురువు, రెండు లఘువుల భగణమే.

నాగావళి: అందుకే అర్థం వైపు చూడాలి. అప్పుడే ‘గవీంద్రులు’ అని రాసిన చేయి, ‘క’ కనబడగానే మళ్లీ ‘కవి’ అనే రాస్తుంది. లేఖకుడి చేయి జారిందనే నా నమ్మకం.

వంశధార: కవీంద్రులు మెచ్చేది కవితను కాకపోతే మరి దేన్నండీ? కథ, కవిత, అర్థం మూడూ వాళ్ల వాటా, అక్షరరమ్యత ఇతరుల వాటా. పంపకం సరిగ్గా కుదిరింది.

మహేంద్రతనయ: నాకు ‘కలిత’ కావాలనిపించేది ఇందుకే. రోజుకు మూడు గడులు, ఆరు రోజులకు పద్దెనిమిది. మొదటి గడి నిన్నటిది గుర్తుచేయడానికి, చివరిది రేపటికి ఊరించడానికి. కథ నడిచేది మధ్య ఆరు గడుల్లోనే. సోమవారం ఫోను మోగుతుంది, మంగళవారం ఎత్తుతారు, బుధవారం “ఎవరు?” అంటారు. కథ ఉంది, అర్థం దానితో కలవలేదు.

రుషికుల్య (బరంపురం): ఆదివారం పేజీ చిక్కు వేరు. ఒక్కో పేపరు ఒక్కో కొలతలో వేస్తుంది కాబట్టి పై వరుస గడులు తీసేసినా కథ తెగకుండా గీయాలి. అంటే అక్కడ ముఖ్యమైనదేదీ పెట్టకూడదు. పైగా ఆదివారం మాత్రమే చదివేవాళ్ల కోసం కొన్ని కథలు వారమంతా జరిగింది మళ్లీ చెబుతాయి. ఫాంటమ్ అనే బొమ్మల కథకు ఆ బాధ లేదు. రోజువారీది 1936లో, ఆదివారంది 1939లో మొదలయ్యాయి, రెండింటి కథలూ వేరు. ప్రిన్స్ వాలియంట్ 1937 నుంచి ఆదివారమే. మాటలు బుడగల్లో ఉండవు, బొమ్మ కింద వచనంగా ఉంటాయి. వారానికి ఒక్క పేజీయే అయినా కథ కదులుతుంది.

అన్నట్టు, సాగదీతకు మన మాట జీళ్ళపాకం. ముదురు పాకాన్ని మేకుకు తగిలించి లాగి, మడిచి, మళ్లీ లాగుతారు. లాగినకొద్దీ గాలి చేరి తెల్లబడుతుంది, పొడుగవుతుంది. బెల్లం మాత్రం పోసినంతే.

నాగావళి: జీళ్ళపాకమా, జీడిపాకమా?

రుషికుల్య: రెండూ వాడుకలో ఉన్నాయి. జాతరలో అమ్మేవి జీళ్ళు కాబట్టి నేను మొదటిదే అంటాను.

వంశధార: నిదానాన్నీ సాగదీతనూ ఒకే గాట కట్టకండి. గాసొలీన్ ఆలీ అనే అమెరికా బొమ్మల కథలో 1921 ఫిబ్రవరి 14న గుమ్మంలో దొరికిన పసివాడు పాఠకులతోపాటే ఏళ్లు పెరిగాడు. అది నిదానం. మనకు ఇటువైపు సారళాదాసు ఉన్నాడు. పదిహేనో శతాబ్దపు ఒడియా భారతం, దండివృత్తం, పాదానికి ఇన్ని అక్షరాలని లెక్క లేదు. మూలంలో లేని కథలెన్నో చేర్చాడు. విసుగు పుట్టిందా? ప్రతి కథా తన పని తాను చేసుకుపోతుంది.

నాగావళి: నన్నయా అంతే బాబూ. ఆది, సభాపర్వాలు, అరణ్యంలో కొంత. ఎంత నెమ్మదిగా చెప్పినా ఎక్కడా బరువనిపించదు. ఆ ప్రసన్నత కథదే. అందుకే కలిత.

వంశధార: ఆ ప్రసన్నత కవితదైతే? సమాసంలో ‘ప్రసన్న’ దేనికి అంటుకుంటుందో ముందు తేల్చండి.

మహేంద్రతనయ: దాని తర్వాతి ‘లోనారసి’ని ఎలా విడదీస్తున్నారు?

నాగావళి: లోన్ + ఆరసి. లోపలికి చూసి, పరిశీలించి. పాదం ‘లో’ దగ్గర విరిగింది గనకనే రెండో పాదం ‘నా’తో మొదలై ప్రాస దక్కింది.

వంశధార: లోన అంటే కవి లోపలా, కావ్యం లోపలా?