బ్లాక్ పౌడర్ అనే బొమ్మ సైనికుల యుద్ధాల రూల్స్‌తో మొదటిసారి ఆడాం, ఒక బ్రిగేడ్ దాదాపు ఆట మొత్తం కదలలేదు. ఈ రూల్స్ కొనసాగించాలా?

బెళ్ళందూరు_గ్రెనేడియర్:
అందరికీ నమస్కారం. మేం నలుగురం, మూడేళ్ళుగా నెపోలియన్ కాలపు యుద్ధాలు 15 మిల్లీమీటర్ల బొమ్మలతో ఆడుతున్నాం. ఇన్నాళ్ళూ మేమే రాసుకున్న రూల్స్, నా వంతు వస్తే నా దళాలన్నీ నా ఇష్టం వచ్చినంత దూరం కదులుతాయి, అంతే. పోయిన ఆదివారం మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఆరడుగులు బై నాలుగడుగుల ప్లైవుడ్ మీద, చిక్కపేటలో కొన్న ఆకుపచ్చ గుడ్డ పరిచి బ్లాక్ పౌడర్ మొదలుపెట్టాం. ఫ్రెంచ్ వైపు రెండు బ్రిగేడ్లు, ఒక్కోదానిలో నాలుగు బెటాలియన్లు. కమాండర్లందరికీ రేటింగ్ 8, అంటే ఆర్డర్ ఇచ్చి రెండు డైస్ వేస్తే కలిపి 8 లేదా తక్కువ పడాలి, లేకపోతే ఫెయిల్.

ఎడమ బ్రిగేడ్ ఆరు టర్నుల్లో నాలుగు టర్నులు మొదటి ఆర్డర్ దగ్గరే ఫెయిల్ అయింది. ఫెయిలైతే ఆ కమాండర్ ఆ టర్నులో ఇంకెవరికీ ఆర్డర్ ఇవ్వకూడదు కాబట్టి మిగతా బెటాలియన్లు కూడా నిలబడిపోయాయి. అవతల ఇంగ్లీషు గుర్రాలకు ఒకే ఆర్డర్‌తో మూడు మూవ్‌లు పడి, బల్ల ఈ చివర నుంచి ఆ చివరికి వచ్చేశాయి. ఎడమ బ్రిగేడ్ నడిపిన ఫ్రెండ్ రెండు నెలలు కూర్చుని ఆ నీలం కోట్ల మీద తెల్ల బెల్టులు ఒక్కొక్కటీ గీశాడు, పాపం ఆట అయ్యాక మాట్లాడకుండా బొమ్మలు డబ్బాలో సర్దుకుని వెళ్ళిపోయాడు. నాకు అదే బాధగా ఉంది. ఆర్డర్ డైస్ తీసేసి మిగతా రూల్స్ ఉంచుకోవచ్చా? లేక పాత పద్ధతికే వెళ్ళిపోవాలా?

ఆరుముఖాల_పాచిక:
తీసేయకండి. ముందు ఒకటి చెప్పండి, నాలుగు బెటాలియన్లకీ విడివిడిగా ఆర్డర్ ఇచ్చారా?

లెక్క చూడండి. రెండు డైస్ కలిపి 8 లేదా అంతకన్నా తక్కువ పడే అవకాశం 36లో 26, అంటే 72 శాతం. ఒక్క ఆర్డర్‌కి ఇది బాగానే ఉంది. విడివిడిగా నాలుగు ఇస్తే నాలుగూ వరసగా పాసయ్యేది సుమారు 27 శాతమే. అందుకే బ్రిగేడ్ ఆర్డర్ అని ఉంది: నాలుగు బెటాలియన్లనీ పక్కపక్కన ఉంచి, అందరికీ కలిపి ఒకే మాట చెప్పి, ఒకేసారి డైస్ వేయాలి. విడిగా ఇవ్వక తప్పకపోతే ఆ టర్నులో ఏ దళం కదలడం అన్నిటికన్నా ముఖ్యమో దానికే మొదట ఇవ్వండి. కమాండర్ బొమ్మని కూడా దళాల పక్కనే పెట్టండి, ప్రతి 12 అంగుళాల దూరానికీ రేటింగ్‌లో ఒకటి తగ్గుతుంది, చాలామంది దీన్ని మర్చిపోయి కమాండర్‌ని వెనకాల కొండ మీద వదిలేస్తారు. శత్రువుకి 12 అంగుళాల లోపల ఉన్న దళం అయితే ఆర్డర్ లేకుండానే సొంతంగా ఒక మూవ్ చేయొచ్చు, ఆర్డర్లు మొదలుపెట్టకముందే ఆ పని చేసేయాలి.

గుర్రాల సంగతికి కారణం మీ బల్ల. పుస్తకంలో గుర్రానికి మూవ్ 18 అంగుళాలు, మూడు మూవ్‌లు అంటే 54. మీ బల్ల అడ్డంగా 48 అంగుళాలే! ఆ దూరాలు పెద్ద బల్లలకీ పెద్ద బొమ్మలకీ రాసినవి. మీ 15 మిల్లీమీటర్లకి అన్నీ సగం చేసేయండి, కాల్బలానికి 6, గుర్రానికి 9, తుపాకీ కాల్పు దూరానికి 9. ఇంకేమీ మార్చొద్దు.

హొసూరు_రోడ్_హుస్సార్:
పై లెక్కతో ఒప్పుకుంటాను, కానీ నేను చెప్పేది వేరు. బ్రిగేడ్ నిలబడిపోవడం ఆట లోపం అని మీకనిపిస్తోంది, నాకు మాత్రం ఈ రూల్స్‌లో అన్నిటికన్నా నిజమైన భాగం అదే. 1815 జూన్ 16న, వాటర్లూకి రెండు రోజుల ముందు, నెపోలియన్ సేనాని డెర్లాన్ కోర్ (పెద్ద సైనిక విభాగం), సుమారు 20 వేల మంది, కాత్ర్ బ్రాకీ లీన్యీకీ మధ్య అటూ ఇటూ నడిచి రెండు యుద్ధాల్లో ఒక్కదానిలోనూ దెబ్బ కొట్టలేకపోయింది. ఒక చోట నుంచి రమ్మన్నారు, ఇంకో చోట నుంచి వెనక్కి పిలిచారు. మీ పాత రూల్స్‌లో ఆ 20 వేల మంది ఏదో ఒక చోటికి టైముకి చేరిపోయేవాళ్ళు, నెపోలియన్‌కి ఆ రోజు అంత సుఖం ఎక్కడిది? ఆర్డర్‌ని డైస్ వేయకముందే గట్టిగా పైకి చెప్పమనడం కూడా అందుకే, "ఆ తోట ఎడమ పక్కకి వెళ్ళి లైన్ కట్టండి" అని చెప్పాక మాట మార్చడం కుదరదు. అది తీసేస్తే నడిపేవాడికి భయం ఉండదు, భయం లేకపోతే రిజర్వ్ ఉంచుకోవాలన్న ఆలోచనే రాదు.

బెళ్ళందూరు_గ్రెనేడియర్:
అవును, విడివిడిగానే ఇచ్చాం, అంగుళాలు కూడా పుస్తకంలో ఉన్నట్టే వాడాం. కమాండర్ దూరం సంగతి అసలు చూడలేదు. థ్యాంక్స్ అండీ. కానీ మా ఫ్రెండ్‌ని మళ్ళీ బల్ల దగ్గరికి ఎలా తీసుకురావాలి? వాడికి ఇప్పుడు డైస్ అంటేనే కోపం.

ఉల్సూరు_తిలంగా:
ఆయనకి అసాయే యుద్ధం ఆడనివ్వండి. ఉల్సూరులో అసాయే రోడ్డు మీద నుంచి రోజూ ఎంతమందిమి వెళ్తామో, ఆ పేరు ఎక్కడిదో అడిగేవాళ్ళు తక్కువ. 1803 సెప్టెంబర్ 23. ఇంగ్లీషు వైపు సేనాని, శ్రీరంగపట్నంలో పెత్తనం చేసిన వెల్లెస్లీ, తర్వాత వాటర్లూలో గెలిచిన ఆయనే. మరాఠాల వైపు వందకి పైగా ఫిరంగులు, పోల్‌మన్ అనే జర్మన్ నడిపిన శిక్షణ పొందిన కాల్బలం. నది ఇవతల ఒక ఊరు, అవతల ఇంకో ఊరు ఎదురెదురుగా కనిపిస్తే మధ్యలో రేవు ఉండి తీరాలని ఊహించి వెల్లెస్లీ కైల్నా నది దాటాడు. ఒక పక్క కైల్నా, ఇంకో పక్క జువా, మధ్యలో ఇరుకు నేల. మీ ఆరు బై నాలుగు బల్లకి సరిగ్గా సరిపోతుంది.

వెల్లెస్లీ సైన్యంలో కుడి వైపు పికెట్లు (ముందు కాపలా దళాలు) ఆర్డర్‌ని తప్పుగా అర్థం చేసుకుని అసాయే ఊరి వైపు నేరుగా వెళ్ళిపోయాయి, వెనకే 74వ రెజిమెంట్ వెళ్ళి ఫిరంగుల కింద దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. ఆర్డర్ డైస్‌లో రెండు సిక్స్‌లు పడితే బ్లండర్, అంటే దళం తప్పుగా కదలడం, అని రూల్స్‌లో ఉంది కదా, అది అక్షరాలా జరిగిన చోటు ఇది. ఆ మిగిలినవాళ్ళని వెల్లెస్లీ గుర్రపు దళం నడిపిన మాక్స్‌వెల్ గుర్రాలు వచ్చి కాపాడాయి. వెల్లెస్లీ గెలిచాడు గానీ ఆయన వైపు చనిపోయినవాళ్ళూ గాయపడ్డవాళ్ళూ కలిపి 1,500 పైచిలుకు.

ఇంకో మాట, ఆ లైనులో నిలబడ్డవాళ్ళలో ఎక్కువమంది మద్రాసు సిపాయిలు. ఉత్తరాదిలో సిపాయిని తిలంగా అనేవాళ్ళు, మొదట వెళ్ళినవాళ్ళు తెలుగు దేశం నుంచి కాబట్టి. మన ఊళ్ళవాళ్ళ బొమ్మలు మన చేత్తో రంగు వేసుకోవడంలో ఉన్న ఆనందం ఆయనకి చెప్పి చూడండి. ఎర్ర కోటు, పొట్టి తెల్ల లాగు, బెల్టులు మాత్రం మళ్ళీ గీయాలి.

బెళ్ళందూరు_గ్రెనేడియర్:
ఇప్పుడే ఫోన్ చేశాను. మొదట కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "సిపాయిల తలపాగా ఏ రంగు?" అని అడిగాడు. వచ్చే ఆదివారం రెండింటికి దూరాలన్నీ సగం చేసి, బ్రిగేడ్ ఆర్డర్లతో ఇంకోసారి చిన్న ఆట. అసాయేకి బొమ్మలు తయారవడానికి టైం పడుతుంది. 15 మిల్లీమీటర్ల ఎడ్లబండ్లు, ఫిరంగులు ఎవరి దగ్గరైనా అదనంగా ఉంటే చెప్పండి, వచ్చి తీసుకుంటాను.